రేణుక పంటి మీద పట్టుపోగు గాటు

అది 2022వ సంవత్సరం. హిందూపురంలో ఒక దంత వైద్య కళాశాల. అందులో ఆర్థోడాంటిక్స్ విభాగంలో మోడల్ రూం నా చేతిలో ఉండేది. ఆర్థోడాంటిక్స్ అంటే ఎత్తుపళ్ళను, వంకరపళ్ళను వరసలోకి తెచ్చే వైద్యం. జనం దాన్ని క్లిప్పులు వేయించుకోవడం అంటారు.

మోడల్ రూం అంటే ఏమిటో చెప్తాను. క్లిప్పులు వేసే ముందు ప్రతి పేషెంటు పళ్ళకూ అచ్చు తీస్తారు. ఆల్జినేట్ అనే పొడిని నీళ్ళతో ముద్దలా కలిపి, ట్రేలో పెట్టి నోట్లో నొక్కితే పళ్ళ గుర్తులు పడతాయి. ఆ గుంతల్లో ప్లాస్టర్ పోసి గట్టిపడనిస్తే అచ్చం ఆ మనిషి పళ్ళే బయటికొస్తాయి. వాటిని స్టడీ మోడల్స్ అంటారు. పీజీ డాక్టర్లు వాటిని కొలిచి, ఏ పన్ను ఎటు జరపాలో లెక్క వేసుకుంటారు. పేషెంటు ఇంటికి వెళ్ళిపోయినా పళ్ళు మా దగ్గరే ఉంటాయన్నమాట.

నేను ఆ కాలేజీలో చేరింది ఊడ్చే పనికి. మాది రొద్దం పక్క పల్లె. చదువు లేదు. కొన్నేళ్ళకు మోడల్స్ చెక్కే పని అప్పగించారు. ప్లాస్టర్‌లో గాలి బుడగ పడితే చిన్న గుంత మిగిలిపోతుంది, దాన్ని పూడ్చాలి. అచ్చులో బుడగ పడితే పంటి మీద బొడిపె వస్తుంది, దాన్ని గీకాలి. ఆ తర్వాత సబ్బునీళ్ళలో నానబెట్టి, ఆరాక పౌడరు అద్ది గుడ్డతో రుద్దితే మోడల్ నిగనిగలాడుతుంది. పీజీల పరీక్షలప్పుడు నేను రుద్దిన మోడల్స్ కోసం పోటీ పడేవాళ్ళు.

మా విభాగం హెడ్ ప్రొఫెసర్ వసుంధర మేడం. మొదటి రోజే ఒక మాట చెప్పారు. "అంజినమ్మా, ఎక్కడైనా గీకు, ఎక్కడైనా పూడ్చు. పంటి అంచు మాత్రం ముట్టకు." ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ప్లాస్టర్ మీద మాత్రం ఆ మాట ఏనాడూ తప్పలేదు.

నలభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. మోడల్స్ మీద అతికించిన పేర్లు చూపించి, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక పీజీ అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించింది. తెలుగు వచ్చాక ఇంగ్లీషు అక్షరాలు కూడా పట్టుకున్నాను.

ఆ తర్వాత మా విభాగానికి స్కానర్ వచ్చింది. ప్లాస్టర్ మోడల్‌ను పెట్టెలో పెడితే దాని బొమ్మ కంప్యూటర్ తెర మీదికి వస్తుంది. ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు, తెర మీదే కొలవచ్చు. వసుంధర మేడం పదేళ్ళుగా కోరుకుంటున్న పని అది. వేరే ఊళ్ళ విద్యార్థులు కూడా తమ ఊళ్ళోనే కూర్చుని మా కేసులు చూసి నేర్చుకోవాలని ఆమె పట్టుదల. ఆన్‌లైన్ పాఠాలు తయారు చేశారు, వాటికి మోడల్స్ కావాలి. బీరువాల్లో ఉన్నవన్నీ స్కాన్ చేసే పని నాకు ఇచ్చారు.

స్కాన్ చేశాక బొమ్మను శుభ్రం చేయాలి. తెర మీద మైనం పూసినట్టు మౌస్‌తో రుద్దితే గుంతలు పూడతాయి. చివర్లో ఒక గడి ఉంటుంది. శుభ్రం చేసినవారు ఎవరు అని. అందులో నా పేరు నేనే కొట్టేదాన్ని. కాగితం మీద నా పేరు అంతకుముందు జీతం పట్టీలో తప్ప ఎక్కడా లేదు. ఒక్కో ఫైలు కింద అంజినమ్మ అని కొట్టి, ఒకసారి చదువుకుని, అప్పుడు మూసేదాన్ని.

రేణుక ఆ రోజుల్లోనే వచ్చింది. ధర్మవరం పిల్ల, పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో రెండు మగ్గాలు, పట్టుచీరలు నేస్తారు. వాళ్ళమ్మ చౌడమ్మతో కలిసి ప్యాసింజర్ రైల్లో వచ్చేది. నేను పెనుకొండలో ఉంటాను కాబట్టి అదే రైల్లో ఎక్కేదాన్ని. అట్లా పరిచయమైంది.

పై వరస ముందు పళ్ళు బాగా బయటికి ఉండేవి. పెదవులు మూతపడేవి కావు. మాట్లాడితే చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"చీరలు ఫోన్లో చూపించి అమ్ముతాం అక్కా," అని ఒకరోజు రైల్లో చెప్పింది. "లైవ్ పెడతా. చీర రెండు చేతులా పట్టుకోవల్ల కదా, ఇంక మూతికి ఏం అడ్డం పెట్టుకునేది? అందుకే ఫోను కిందికి వంచి చీరే చూపిస్తా. గొంతు మాత్రం వినపడుతుంది. మొగం చూపించమని అడుగుతారు కొనేవాళ్ళు."

"చూపిస్తే ఏమవుతాది?"

"ఒకసారి చూపిస్తి. చీర గురించి ఎవరూ మాట్లాడలే."

వాళ్ళమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రేణుక మాత్రం నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆమె కేసు డాక్టర్ శ్రీకర్‌కు ఇచ్చారు. పీజీ రెండో సంవత్సరం, గుంటూరు పక్క అబ్బాయి. పని మీద శ్రద్ధ ఉన్నవాడు. అచ్చు తీశాడు, నేను ప్లాస్టర్ పోశాను, స్కాన్ చేశాను, శుభ్రం చేశాను. పళ్ళ మీద బ్రాకెట్లు అంటించారు. బ్రాకెట్ అంటే పంటికి అంటించే చిన్న లోహపు ముక్క. దానికి రెక్కలు ఉంటాయి, ఆ రెక్కల మధ్య తీగ కూర్చుంటుంది. తీగ లాగుతుంది, పన్ను జరుగుతుంది.

నెల తిరిగి వచ్చేసరికి కుడి పక్క ముందు పంటి బ్రాకెట్ ఊడిపోయి ఉంది. మళ్ళీ అంటించాడు. తర్వాతి నెల అదే పన్ను. ఆ తర్వాత కూడా అదే.

"ఏం తింటున్నావమ్మా? నిజం చెప్పు," అనేవాడు శ్రీకర్.

"ముద్ద సార్. రాగిముద్ద మింగేదే, నమిలేది కూడా లేదు."

"చెరుకు? మొక్కజొన్న పొత్తులు?"

"లేదు సార్."

"గోళ్ళు కొరుకుతావా? పెన్ను నోట్లో పెట్టుకుంటావా?"

"నాకు పెన్ను యాడిది సార్?"

చౌడమ్మ అందుకునేది. "సార్, గట్టిగా అంటీయండి సార్. మా మగ్గానికి కొట్టిన మేకు నలభై ఏండ్లు కదల్లే. మీ బంక నెల కూడా నిలవకపోతే ఎట్ల సార్?"

శ్రీకర్ ముఖం ఎర్రబడేది. జిగురు మార్చాడు. పన్ను ఆరబెట్టే పద్ధతి మార్చాడు. కొత్త బ్రాకెట్ వేశాడు. అయినా అదే పన్ను. ఐదోసారి ఊడినప్పుడు కేస్ షీటు మీద ఏదో రాశాడు. నాకు అప్పటికి ఇంగ్లీషు అంతగా అర్థం కాకపోయినా ఆ మాట తెలుసు, ఇంతకుముందు వేరే షీట్ల మీద చూశాను. పేషెంటు సహకరించడం లేదు అని. అట్లా రాస్తే, శుక్రవారం మధ్యాహ్నం చర్చలో కేసు పెట్టి, హెడ్ ఒప్పుకుంటే క్లిప్పులు తీసేసి పంపించేస్తారు. పళ్ళు సగం జరిగి ఉంటాయి. అట్లా వదిలితే మళ్ళీ పాత చోటికే పోతాయి.

ఆ శుక్రవారం ఉదయమే రేణుకను రమ్మన్నారు. చర్చ అయ్యేదాకా బెంచీ మీద కూర్చోమన్నారు. వాళ్ళమ్మ రాలేదు, చీర గడువుకు ఇవ్వాలట. నేను టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాను.

"తీసేస్తారా అక్కా?"

"మాట్లాడుకుంటారంట."

"నేనేం చేయలేదు అక్కా. మా అమ్మ మీద ఒట్టు. అన్నీ వాళ్ళు చెప్పినట్లే తింటాండా." నా కొంగు వైపు చూసి, "నీ కొంగుకు పోగు ఏలాడుతాండాది చూడు," అంది. నా కొంగు దగ్గరికి లాక్కుని, వేలాడే దారాన్ని పళ్ళ మధ్య పెట్టి, చిటుక్కున లాగి తెంచేసింది. ముక్క ఉమ్మేసి టీ తాగింది.

నేను ఆమెనే చూస్తున్నాను.

"ఇప్పుడేం చేసినావు?"

"ఏం చేసినా?"

"దారం దేంతో తెంపినావు?"

రేణుక తన చేతుల వంక చూసుకుంది. నిజంగానే ఆమెకు తెలియలేదు. కళ్ళు ఆర్పుతూ ఎన్నిసార్లు ఆర్పామో ఎవరు చెప్పగలరు? అట్లా ఉంది ఆ పిల్ల వాలకం.

"మగ్గం మీద పోగు తెగితే?"

"అతుకుతాం."

"అతికినాక కొస మిగులుతాది కదా. దాన్ని?"

"అది... అది తినేది కాదు కదక్కా. సారు తినేదాని గురించే అడిగె."

"యా పంటితో?"

వేలు పెట్టి చూపించింది. కుడి పక్క ముందు పన్ను.

నేను లేచి కంప్యూటర్ గదికి పోయాను. రేణుక ఫైలు తెరిచాను. బ్రాకెట్లు వేయకముందటి పళ్ళు. ఆ పన్ను అంచు పెద్దగా చేసి చూశాను. ఏళ్ళ తరబడి పోగు తెంపిన పన్నైతే అక్కడ గాటు ఉండాలి. లేదు. అంచు నున్నగా, ముత్యంలా ఉంది. ఇదేమిటి అనుకుంటూ కిందికి చూపు జరిపితే, గడిలో నా పేరు. శుభ్రం చేసినవారు అంజినమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది. గుంత కనబడింది, గాలి బుడగ అనుకున్నాను, మౌస్‌తో రుద్దాను. ప్లాస్టర్ అయితే అంచు ముట్టేదాన్ని కాదు, చెయ్యే ఆగేది. తెర మీద అంచు ఏది, చిగురు ఏది అన్న భయం ఉండేది కాదు. మంచిగా కనిపించాలి, అంతే.

ఒక దారి ఉంది. పోయి శ్రీకర్‌కు దారం సంగతి మాత్రం చెప్పొచ్చు. నా పేరు బయటికి రాదు. కానీ ఆయన తెర మీద చూస్తాడు, అంచు నున్నగా ఉంది, నువ్వు ఒకసారి చూసి చెప్తున్నావు అంటాడు. పిల్ల నోట్లోని గాటు చూపిస్తే, మొన్ననే ఏదో గట్టిది కొరికి విరగ్గొట్టుకుంది, మా ఫైల్లో లేదు కదా అంటాడు. నేను చేసిన శుభ్రమే ఆ పిల్ల మీద సాక్ష్యం అవుతుంది.

ప్లాస్టర్ మోడల్ కావాలి. కానీ మోడల్ రూంను కంప్యూటర్ గది చేస్తున్నారని, స్కాన్ అయిన మోడల్స్ అన్నీ గోనెసంచుల్లో కట్టి జనరేటర్ షెడ్డు పక్కన పెట్టారు. వచ్చే వారం ట్రాక్టరులో పోతాయి. వాటిని కట్టింది కూడా నేనే. చర్చ రెండు గంటలకు. అప్పటికి పదకొండు.

ఒక్కో సంచీ విప్పి బండల మీద పరిచాను. మోడల్స్ ఒకదానికొకటి రాసుకుని చాలావాటి మీద కాగితాలు ఊడిపోయాయి, నంబర్లు చెరిగిపోయాయి. చదవడానికి ఏమీ లేదు. అక్షరాలు రాకముందు ఎట్లా పోల్చేదాన్నో అట్లాగే పోల్చాను. ఎత్తుపళ్ళవి పక్కకు, వాటిలో పెద్దవాళ్ళవి పక్కకు, మిగిలినవాటి ముందు పళ్ళ అంచుల మీద బొటనవేలు. వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, పోయేవి మళ్ళా పోగేస్తాండావు?"

"పోనీకుండా చేస్తాండా. ఆ సంచి ఇట్ల లాగప్పా."

ఏడో సంచిలో దొరికింది. కుడి పక్క ముందు పంటి మీద వేలికి గాటు తగిలింది, మిగతా పళ్ళ వరస తెర మీద చూసిన రేణుకదే. వడ్లగింజ మొన పట్టేంత గాటు, అంచులు నున్నగా అరిగిపోయి. విరిగిన పంటి అంచు గరుకుగా ఉంటుంది. ఇది మగ్గం పలక మీద దారం అరగదీసిన గాడిలా ఉంది.

రెండింటికి చర్చ మొదలైంది. పెద్ద తెర మీద రేణుక పళ్ళు. శ్రీకర్ చెప్పడం పూర్తి చేశాడు. తెలిసిన కారణం లేదు, ఐదుసార్లు ఊడింది, పేషెంటు నిజం చెప్పడం లేదు, ఆపేయడం మంచిది. పీజీలు, టీచర్లు అంతా ఉన్నారు. నేను వెనక తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తాను. ఆ గదిలో నేను టీ ఇవ్వడానికి తప్ప నోరు తెరిచింది లేదు.

"మేడం, ఆ తెర మీద ఉండేది ఆ పిల్ల పన్ను కాదు."

అందరూ తిరిగారు. శ్రీకర్, "ఫైలు కరెక్టే మేడం, నేనే తెరిచాను," అన్నాడు.

"ఫైలు కరెక్టే సార్. పన్ను నేను పూడ్చినా." ముందుకు పోయి మోడల్‌ను మేడం చేతిలో పెట్టాను. "వేలు పెట్టి చూడండి మేడం. పోగు తెంపి తెంపి పడిన గాటు. ఆ పిల్ల అబద్ధం చెప్పలే. తినేది అడిగినారు, తినేదే చెప్పింది. పోగు తెంపేది ఎవరూ అడగలే."

వసుంధర మేడం కళ్ళద్దాలు తీసి, కళ్ళు మూసుకుని బొటనవేలు ఆడించారు. తర్వాత మోడల్‌ను శ్రీకర్‌కు ఇచ్చారు. ఆయన కూడా తడిమాడు.

"నోట్లో చూశాను మేడం," అన్నాడు నెమ్మదిగా. "చిన్న ముక్క విరిగింది అనుకున్నాను. స్కాన్‌లో లేదు కాబట్టి కొత్తగా విరిగిందని..."

"పోగు బ్రాకెట్ రెక్కకు చిక్కుతుంది, ఈమె గుంజుతుంది," అన్నారు మేడం. "రోజుకు ఎన్నిసార్లో. ఏ జిగురు ఆగుతుంది?" ఆ తర్వాత నా వైపు చూశారు. "అంజినమ్మా, ఇట్లా ఎన్ని అంచులు పూడ్చావు?"

"తెలీదు మేడం."

ఆ మోడల్స్‌తోనే పాఠాలు తయారయ్యాయి. వేరే కాలేజీల్లో పిల్లలు వాటినే చూస్తున్నారు.

"సంచులు ఇంకా పోలేదు మేడం," అన్నాను. "అన్నీ మళ్ళా స్కాన్ చేస్తా. మొదటినుంచీ."

"చేస్తావు," అన్నారు మేడం. అడగలేదు, కోప్పడలేదు. ఆ ఒక్క మాటతో నాకు తలెత్తడానికి సందు దొరికింది.

రేణుక క్లిప్పులు తీయలేదు. కానీ పోగు పళ్ళతో తెంచవద్దని చెప్తే సరిపోతుందా? ఆదివారం నేను, శ్రీకర్ ధర్మవరం పోయాం. చౌడమ్మ మగ్గం మీద ఉంది, పక్కన రేణుక అవ్వ కండెలు చుడుతోంది. కండె అంటే పేక దారం చుట్టే చిన్న గొట్టం.

"కత్తెర పెట్టుకోండమ్మా," అన్నాడు శ్రీకర్.

చౌడమ్మ మగ్గం ఆపకుండానే, "రెండు చేతులూ పోగులోనే ఉంటే కత్తెర యాడ పట్టుకోవల్ల సార్? మూడో చెయ్యి మీరు అంటిస్తారా? ఆ బంకతో వద్దు," అంది.

శ్రీకర్ మొదటిసారి పగలబడి నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. అప్పుడు చూశాను, అవ్వకు మిగిలిన నాలుగు పళ్ళలో ఒకదానికి అదే గాటు. చౌడమ్మను నోరు తెరవమన్నాను. ఆమెకూ అదే పన్ను, ఇంకా లోతుగా.

నాకు తోచింది మా డిపార్ట్‌మెంట్‌లో రోజూ చూసే వస్తువే. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం చిన్న డబ్బాలో వస్తుంది, ఫ్లాస్ అంటారు. ఆ డబ్బా మూత దగ్గర దారం తెంచడానికి ఇనుప నాలుక ఉంటుంది. తీసిపారేసే ఖాళీ డబ్బాల నుంచి రెండు నాలుకలు పీకి తెచ్చాను. ఒకదాన్ని గుడ్డ పట్టీకి కుట్టి రేణుక బొటనవేలికి కట్టాను. మొదటిరోజు వేలు కోసుకుంది. పట్టీ తిప్పి, నాలుకను గోరు వైపు పెట్టుకుంది. వారం రోజులు చెయ్యి నోటి దాకా పోయి ఆగేదట. "అవ్వ నా మూతి మీద కొడతాండాది అక్కా, ప్రతిసారీ," అని రైల్లో చెప్పింది. ఆ నెల బ్రాకెట్ ఊడలేదు. తర్వాతి నెల కూడా.

సంచులు మళ్ళీ లోపలికి వచ్చాయి. ఏడాది పైన పట్టింది మళ్ళీ స్కాన్ చేయడానికి. ఇప్పుడు ప్రతి మోడల్‌కూ రెండు ఫైళ్ళు ఉంటాయి. ఒకటి శుభ్రం చేసింది, ఇంకొకటి ఉన్నది ఉన్నట్టు. రెండోదాన్ని ఎవరూ ముట్టడానికి వీల్లేకుండా మేడం తాళం వేయించారు. వెతికితే గాట్లు చాలానే బయటపడ్డాయి. నేతపనివాళ్ళవి, దర్జీలవి, నోట్లో మేకులు పట్టుకుని పనిచేసే వడ్రంగిది ఒకటి. మేడం వాటితో ఒక పాఠం తయారు చేశారు. చౌడమ్మ, అవ్వ ఒప్పుకుని అచ్చులు ఇచ్చి పళ్ళు స్కాన్ చేయించుకున్నారు. మూడు తరాల గాటు ఒకే తెర మీద ఉంటుంది. కేస్ షీటులో ఇంగ్లీషు ప్రశ్నల కింద తెలుగులో ఒక ప్రశ్న చేర్చారు. చేత్తో రాయమన్నారు, రాసి ఇచ్చాను. దాన్నే అచ్చు వేయించారు. "పనిలో పళ్ళతో ఏం చేస్తారు?"

రెండేళ్ళకు రేణుక క్లిప్పులు తీశారు. పెదవులు మూతపడ్డాయి. వసుంధర మేడం అద్దం చేతికిచ్చి అడిగారు. "ఆ గాటు పూడ్చొచ్చు, పంటి రంగు సిమెంటుతో. పూడ్చమంటావా, ఉంచమంటావా?"

ఉంచమంటుందేమో అనుకున్నాను. మేమంతా ఆ గాటు గురించి అన్ని పాఠాలు చెప్పుకున్నాం కదా.

"పూడ్చేయండి మేడం," అంది వెంటనే. "ఫోన్లో దగ్గరికి చూపిస్తే కనపడుతాది. చీరలు అమ్మల్ల కదా."

నేను నోట్లోనే పళ్ళ బొమ్మ తీసే కొత్త స్కానర్ తెచ్చాను. పూడ్చకముందు ఒకసారి స్కాన్ చేశాను, పూడ్చాక ఒకసారి. అదే పన్ను, అదే గాటు. నేను పూడ్చినప్పుడు తప్పు, ఇప్పుడు తప్పు కాదు. ఈసారి అడిగింది ఆ పన్ను ఉన్న మనిషి. నేను నేర్చుకున్నది ఇంతే. శుభ్రం చేయడం పనిలో సగమే. చెయ్యి ఆడించే ముందు అది ఎవరిదో వాళ్ళను అడగడం మిగతా సగం.

మొదటి ఫైలు కింద నా పేరు కొట్టి, చదువుకుని, మూశాను. ఆ గడిలో ఇప్పుడు శుభ్రం చేసినవారు అని ఉండదు. చూసినవారు అని ఉంటుంది.